ఫ్యాన్ ఎటు తిరుగుతోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలూ, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. మా కాలంలో అయితే ఈ హాల్లో కుర్చీలే లేవు. పట్టాలు పరిచేవారు, వాటి కింద ఇసుక గుచ్చుకునేది.

సంఘం కార్యదర్శిగారు నెల క్రితం ఫోన్ చేసి, "ఇంగ్లండులో మీరు సాధించిన విజయాల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. విజయాలంటే ఐదు నిమిషాలకి మించి రావండీ, చేసిన తప్పు గురించి అయితే ఇరవై నిమిషాలు సరిపోకపోవచ్చు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "పిల్లలుంటారు, చూసుకుని మాట్లాడండి" అన్నారు. చూసుకునే మాట్లాడతాను. ఒక కారు ఇంజిన్ ఎందుకు వేడెక్కిందో కనుక్కోవడానికి నాకు మూడు నెలలు పట్టిన సంగతి ఇది. ఇందులో మన బడి ఉంది, మన సైన్సు మాస్టారున్నారు, మన బ్యాచ్ వాడొకడు ఉన్నాడు. అందుకే ఇక్కడ చెప్పాలనుకున్నాను.

నేను ఇక్కడ 1979లో పది పాసయ్యాను. తరవాత కాకినాడలో ఇంజినీరింగు, కొన్నాళ్లు హైదరాబాదులో ఉద్యోగం, ఆ పైన ఇంగ్లండు. కోవెంట్రీ అనే ఊళ్లో స్థిరపడ్డాం. ఆ ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ కార్ల పరిశ్రమకి పుట్టిల్లు లాంటివి. అక్కడ నాకు వింతగా తోచిన అలవాటు ఒకటుంది. ఆదివారం పూట మనుషులు షెడ్డులో కూర్చుని కారు కట్టుకుంటారు. కొనుక్కోవడం కాదు, కట్టుకోవడం. దాన్ని కిట్ కారు అంటారు.

దీని వెనక కథ చిన్నది. 1957లో లోటస్ కంపెనీ 'సెవెన్' అని ఒక చిన్న రెండు సీట్ల కారు తెచ్చింది. తలుపుల్లేవు, పైకప్పు లేదు, బరువు చాలా తక్కువ. ఆ రోజుల్లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. అందుకని జనం పెట్టెల్లో తెచ్చుకుని బిగించుకునేవారు. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి వెళ్లాయి. అదే ఏడు ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది, అయినా కట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన ఒక పుస్తకం రాశాడు. 250 పౌండ్లలో మీ స్పోర్ట్స్ కారు మీరే కట్టుకోండి అని దాని పేరు చెప్పే మాట. ఇనుప గొట్టాలు కోసి చట్రం ఎలా వెల్డింగ్ చేసుకోవాలో, పాత ఫోర్డ్ కారు నుంచి ఇంజినూ ఇరుసూ ఎలా తీసి పెట్టుకోవాలో అందులో ఉంటుంది. ఆ 250 పౌండ్ల మాట నమ్మకండి. నాకు దానికి ఇరవై రెట్లు అయింది. మా ఆవిడకి మాత్రం పది రెట్లనే చెప్పాను. ఆవిడ ఇవాళ సభకి రాలేదు కనక ఇక్కడ చెబుతున్నాను.

మన దగ్గర ఇంట్లో కట్టిన బండికి రిజిస్ట్రేషన్ దొరకడం గగనం. అక్కడ దానికీ ఒక దారుంది. 2009 నుంచి ఐవీఏ అని ఒక పరీక్ష పెడుతున్నారు. బ్రేకులు, లైట్లు, స్టీరింగు, పొగ, చివరికి బయటికి పొడుచుకొచ్చిన అంచులు ఎవరికైనా గీసుకుంటాయా అన్నది కూడా చూస్తారు. అది పాసయితేనే నంబరిస్తారు.

నేను 2012లో మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే కారు మీద మోజుతో కాదు. మా అబ్బాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఆ వయసు పిల్లలతో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు గదిలో తలుపేసుకుని ఉండేవాడు. ఇద్దరం చేతులతో చేసే పని ఏదైనా ఉంటే మాటలతో పెద్దగా అవసరం ఉండదని నా ఆలోచన. అది పనిచేసింది కూడా. మూడేళ్ల పాటు శని, ఆదివారాలు షెడ్డులోనే గడిచాయి. వాడు నాకంటే బాగా వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఫోర్డ్ సియెర్రా అనే పాత కారు నుంచి రెండు లీటర్ల ఇంజిన్ తీశాం. ఫోక్స్‌వాగన్ పోలో రేడియేటర్ పెట్టాం, ముక్కు చిన్నది కనక అందులో అదే పడుతుంది. స్క్రాప్ యార్డులో ఒక కరెంటు ఫ్యాన్ దొరికితే తెచ్చి దాని వెనక బిగించాం.

ఆ ఫ్యాన్ తగిలించిన రోజు నాకు బాగా గుర్తు. ఎందుకు గుర్తో తరవాత చెబుతాను. దానికి రెండు తీగలూ నల్లవే. మా అబ్బాయి వాటిని పట్టుకుని, "నాన్నా, ఏది ఎటు?" అన్నాడు. నేను డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి ఇంకేదో తంటాలు పడుతున్నాను. "ఏదైనా ఒకటే, తగిలించు" అన్నాను. తగిలించాడు. స్విచ్ వేస్తే తిరిగింది. ఇద్దరం ముందు పనికి వెళ్లిపోయాం.

2015 వసంతంలో పరీక్ష పాసయింది. జూన్‌లో ఒక ఆదివారం ఇద్దరం మొదటిసారి దూరం బయల్దేరాం. కెనిల్‌వర్త్ మీదుగా వార్విక్ వెళ్లి, అక్కణ్నుంచి ఫాస్ వే ఎక్కాలని అనుకున్నాం. ఫాస్ వే అంటే రోమన్లు వేసిన దారి, కిలోమీటర్ల కొద్దీ గీత గీసినట్టు ఉంటుంది. అంత దూరం వెళ్లనే లేదు. కెనిల్‌వర్త్ దాటేలోపే ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత మీదికెళ్లింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. పక్కన ఆపాను.

ఇక్కడ నేను చేసిన పని పిల్లలు జాగ్రత్తగా వినాలి. ఇంజిన్ నీళ్ల మూత మామూలు మూత కాదు, అది కుక్కర్ మూత లాంటిది. మా కారు మూత మీద 0.9 బార్ అని ఉంది. అంటే లోపల గాలి పీడనానికి ఇంకో 0.9 బార్ తోడయ్యేదాకా మూత తెరుచుకోదు. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకి మరగవు, దాదాపు 118 దాకా నీళ్లుగానే ఉంటాయి. మూత తీశామా, ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లన్నీ క్షణంలో మరిగి పైకి ఎగజిమ్ముతాయి. ఇదంతా నాకు తెలుసు. ఇంజినీరుని. అయినా వెనక కార్లు హారన్ కొడుతున్నాయి, వాళ్లముందు నామోషీ. తువ్వాలు చుట్టి మూత తిప్పాను. తువ్వాలు నా చేతికి అడ్డుంది. పక్కన బానెట్ పట్టుకుని నిలబడ్డ మా అబ్బాయి చేతికి ఏమీ లేదు.

ముంజేతి నుంచి మోచేతి దాకా కాలింది. దగ్గర్లో ఒక ఇంటివాళ్లు లోపలికి పిలిచి చెయ్యి చల్లటి పంపు కింద ఇరవై నిమిషాలు ఉంచమన్నారు. అలా ఉంచబట్టే మచ్చ అరచెయ్యంత దగ్గర ఆగిందని ఆస్పత్రిలో చెప్పారు. వాడు ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ మర్నాటి నుంచి షెడ్డుకి రావడం మానేశాడు. "చదువుకోవాలి నాన్నా" అన్నాడు. గది తలుపు మళ్లీ మూసుకుంది.

నేను కారు మీద పడ్డాను. అది కోపం. కోపంలో మనిషి ఆలోచించడు, వస్తువులు మారుస్తాడు. ముందు థర్మోస్టాట్ మార్చాను. తరవాత నీళ్ల పంపు మార్చాను. రేడియేటర్ చిన్నదైపోయిందని దానికంటే మందంగా ఉన్న అల్యూమినియం రేడియేటర్ తెప్పించి, ముక్కు లోపలి తడకలు కోసి మరీ ఇరికించాను. ఇంజిన్ టైమింగ్ వెనక్కుంటే వేడెక్కుతుంది కదా అని అదీ సరిచూశాను. అది సరిగ్గానే ఉంది. ప్రతి వారం ఒకటి మార్చడం, బయటికి తీసుకెళ్లడం, ముల్లు ఎర్రగీతకేసి ఎక్కడం చూసి వెనక్కి రావడం.

ఒక రాత్రి నేను పారేసిన పాత థర్మోస్టాట్ మీద అనుమానం వచ్చింది. అది నిజంగా పాడైందా? థర్మోస్టాట్ అంటే ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి వెళ్లే దారిలో ఉండే తలుపు. లోపల మైనం బిళ్ల ఉంటుంది. అది వేడికి కరిగి వ్యాకోచించి తలుపు తోస్తుంది. దాని మీద 88 అని ఉంది. వంటింట్లో పాల గిన్నెలో నీళ్లు పోసి, దారంతో దాన్ని వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించాను. 87 దగ్గర కొంచెం కదిలింది, 88 దాటాక చక్కగా తెరుచుకుంది. అది శుభ్రంగా ఉంది. మంచి వస్తువు తీసి చెత్తలో వేసి, దాని స్థానంలో ఇంకో మంచి వస్తువు పెట్టాను అన్నమాట. పాల గిన్నె సంగతి మర్నాడు ఇంట్లో పెద్ద చర్చ అయింది, అది వేరే కథ.

ఆ గిన్నె ముందు నిలబడ్డప్పుడు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన దగ్గర చదివినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఆ ఎర్ర సిరా కలం మీకూ గుర్తుండే ఉంటుంది. రికార్డు పుస్తకంలో ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, ఫలితం అని రాయించేవారు కదా. ఫలితంలో తప్పు రాస్తే ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదు. పరిశీలన కింద కంటికి కనపడనిది ఏదైనా రాస్తే మాత్రం కాగితం చిరిగేలా కొట్టేసేవారు. "ఆక్సిజన్ వచ్చింది" అని నేను రాస్తే, "నీకు ఆక్సిజన్ కనపడిందా? బుడగలు కనపడ్డాయి. బుడగలు అని రాయి" అన్నారు. రెండు మార్కులు పోయాయి. ఇంటికెళ్లి ఏడ్చాను.

సరే, ఒక నోటు పుస్తకం తీసి తెలుగులోనే రాయడం మొదలుపెట్టాను. ఇక వస్తువులు మార్చను, ముందు చూస్తాను అనుకున్నాను. ఎప్పుడు వేడెక్కుతోంది? ఇంజిన్ వేడిలో అసలు రహస్యమంతా ఆ 'ఎప్పుడు' దగ్గరే ఉంది. ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, పరుగెత్తితే చల్లబడితే గాలి సమస్య, ఫ్యాన్ వైపు చూడాలి. మామూలుగా బాగుండి, వేగంగా ఎక్కువసేపు వెళితేనే వేడెక్కితే నీళ్లు సరిగా తిరగడం లేదని అనుమానించాలి. రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు, పంపు లాగే ఒత్తిడికి కింది హోస్ పైపు నొక్కుకుపోతూ ఉండొచ్చు. నీళ్లు కొత్తగా నింపిన వెంటనే ఎగిసిపడితే లోపల గాలి చిక్కుకుంది. చల్లటి ఇంజిన్ మీటలో ముల్లు గంతులేస్తే అది వేడే కాదు, తీగల గొడవ.

రాస్తూ పోతే మొదట తేలింది ఏమిటంటే, మా కారుకి జబ్బు ఒకటి కాదు. అదే నన్ను ఇన్నాళ్లూ తిప్పింది. ఒకటి బాగుచేస్తే రెండోది అలాగే ఉండేది, దాంతో మొదటిది కూడా తప్పేనేమో అనుకునేవాణ్ని.

మొదటిది గాలి. మా కారు ముక్కు కిందికి వాలి ఉంటుంది, రేడియేటర్ ఇంజిన్ తల కంటే కింద ఉంటుంది. నీళ్లు నింపే సీసాని అందంగా కనపడాలని నేను బానెట్ కింద ఒక మూల, ఇంజిన్ తల కంటే కిందే బిగించాను. గాలి ఎక్కడికి పోతుంది? అన్నిటికంటే ఎత్తయిన చోటుకి పోతుంది, అంటే సరిగ్గా థర్మోస్టాట్ దగ్గర కూర్చుంటుంది. మైనం బిళ్ల చుట్టూ నీళ్ల బదులు గాలి ఉంటే అది ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈలోపు ఇంజిన్ తలలో నీళ్లు మరిగిపోతాయి. ఆ రోజు ఆవిరి అలా వచ్చిందే. సీసాని వెనక గోడ మీద ఎత్తున పెట్టాను. థర్మోస్టాట్ అంచుకి గాలి తప్పుకోవడానికి 3 మిల్లీమీటర్ల చిల్లు వేశాను. మళ్లీ అంత ఆవిరి ఎప్పుడూ రాలేదు.

రెండోది ముల్లు. సాయంత్రం హెడ్‌లైట్లు వేయగానే ముల్లు పదిహేను డిగ్రీలు పైకి లేచిందని పుస్తకంలో రాశాను. లైట్లు వేస్తే ఇంజిన్ క్షణంలో వేడెక్కదు కదా! ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొని థర్మోస్టాట్ గూడు మీద చూశాను. అది మెరిసే అల్యూమినియం కనక తక్కువ చూపిస్తుంది. అందుకని నల్లటి టేపు ముక్క అంటించి దాని మీద చూశాను. ముల్లు 110 అంటుంటే అక్కడ 95 ఉంది. మల్టీమీటర్ పెట్టి డ్యాష్‌బోర్డు ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలిస్తే, లైట్లు వేసినప్పుడు అర వోల్టు పైన వచ్చింది. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. సంగతేమిటంటే, చట్రానికి ఎంతో ముచ్చటపడి వేయించిన పెయింట్ మీదే ఎర్త్ బోల్టు బిగించేశాను. పెయింట్ గీకి, ఇనుము కనపడేలా చేసి మళ్లీ బిగించాను. ముల్లు అబద్ధాలు మానేసింది.

అబద్ధాలు మానేశాక నిజం ఏమిటో తెలిసింది. కారు ఇంకా వేడెక్కుతూనే ఉంది.

ఇప్పుడు పుస్తకంలో ఉన్నది ఇది. ఫాస్ వే మీద గంటకి 60 మైళ్లలో వెళితే 88, 89. కదలదు. ఊళ్లో 25, 30 మైళ్లలో వెళితే మెల్లగా 92కి వస్తుంది. 92కి ఫ్యాన్ ఆన్ అవుతుంది. తరవాత 96, 100, 104. పక్కకి ఆపి ఇంజిన్ ఊరికే తిరగనిస్తే 98కి దిగి అక్కడే వేలాడుతుంది. దాని కింద "ఫ్యాన్ పనిచేస్తోంది" అని రాశాను. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

ఇక మిగిలింది హెడ్ గాస్కెట్ అనుకున్నాను. ఇంజిన్ తలకీ ఒంటికీ మధ్య ఉండే పొర అది. చిట్లితే సిలిండర్లో పొగ నీళ్లలోకి వస్తుంది. అది అయితే ఇంజిన్ తల విప్పాలి. ఒక్కణ్నే విప్పాలి. కారు అమ్మేద్దామని ఆ రాత్రి నిజంగా అనుకున్నాను. దానికి ఒక పరీక్ష ఉంది. నీళ్ల సీసా మూతి మీద ఒక గొట్టం పెట్టి, అందులో నీలం ద్రవం పోసి, లోపలి గాలిని దాని గుండా లాగాలి. పొగలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది కనక ఆ నీలం పసుపుపచ్చగా మారుతుంది. మనం ఇక్కడ గొట్టంతో సున్నపు తేటలోకి ఊదేవాళ్లం, పాలలా తెల్లబడేది, ఆ బాపతే. పది నిమిషాలు లాగాను. నీలం నీలంగానే ఉంది. గాస్కెట్ బాగుంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే నా దగ్గర ఇంక అనుమానాలు అయిపోయాయి.

ఆ మర్నాడు ఆదివారం. సాయంత్రం ఐదింటికి, అంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి, మన బ్యాచ్ వాడొకడికి ఫోన్ చేశాను. పేరు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు, చెప్పను. పదో తరగతిలో నా బెంచీలోనే కూర్చున్నాడు. ఇంగ్లీషు పోయింది, సెప్టెంబరులో మళ్లీ పోయింది, ఇక రాయలేదు. బస్టాండు దగ్గర మోటారు వైండింగ్ షాపు వాడిది. ఇక్కడున్న రైతుల్లో సగం మంది బోరు మోటార్లు వాడి చేతి మీదుగా వెళ్లినవే. నేను సలహా కోసం చెయ్యలేదు. మనసు బాగోలేక చేశాను. మాటల్లో కారు సంగతి వచ్చింది. వాడు వదల్లేదు.

"రాసుకున్నానన్నావుగా, చదువు" అన్నాడు.

చదివాను.

"ఫ్యాన్ పనిచేస్తోంది అంటే ఏంట్రా?"

"తిరుగుతోంది."

"ఎటు?"

నేను మాట్లాడలేదు. వాడు లైను కట్ అయిందనుకుని "హలో, హలో" అన్నాడు. తరవాత చెప్పుకొచ్చాడు. "మొన్న మన పక్క ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ మార్చార్రా. మర్నాడు పొద్దున్నే నా షాపు ముందు జనం. మోటారు తిరుగుతోంది, మోత వస్తోంది, నీళ్లు మాత్రం సన్నగా పడుతున్నాయి అని అందరిదీ ఒకటే మాట. ఫేజులు అటూ ఇటూ అయ్యాయి. మోటారు వెనక్కి తిరిగినా నీళ్లు అసలు రాకుండా పోవు, కాసిని వస్తాయి. అదే మోసం. రెండు తీగలు మార్చి కట్టుకోండిరా అని పంపించేశాను. నీది బ్యాటరీ ఫ్యాన్ గదా, ఉన్నవే రెండు తీగలు."

"ఏదైనా ఒకటే, తగిలించు." ఆ గొంతు నాదే. నాకప్పుడు వినపడింది.

షెడ్డులోకి వెళ్లి ఇంజిన్ ఆన్ చేసి 92 దాకా రానిచ్చాను. ఫ్యాన్ వేసుకుంది. పేపరు చింపి ముక్కు ముందు పట్టుకున్నాను. ఫ్యాన్ వెనక ఉంది కనక ముందు నుంచి గాలి లోపలికి లాగాలి, కాగితం జాలీకి అతుక్కుపోవాలి. అతుక్కోలేదు. నా మొహం మీదికి ఎగిరొచ్చింది.

ఆలోచిస్తే అంతా అందులోనే ఉంది. 60 మైళ్లలో ఎదురుగాలికి చాలా బలం, ఫ్యాన్ అవసరమే పడదు. ఆగినప్పుడు ఫ్యాన్ ఇంజిన్ దగ్గరి వేడిగాలినే ముందుకి నెడుతుంది, ఏదో కొంత చల్లబరుస్తుంది. 30 మైళ్లలో మాత్రం ఎదురుగాలి లోపలికి తోస్తుంది, ఫ్యాన్ బయటికి తోస్తుంది, రెండూ సమానమై రేడియేటర్ మధ్యలో గాలి నిలబడిపోతుంది. ఫ్యాన్ ఆన్ అయ్యాక వేడి పెరిగిందని నా చేత్తో నేనే రాశాను. రాసి కూడా ఫ్యాన్ చాలడం లేదని అనుకున్నాను. నా పుస్తకంలో తప్పు ఆ గీత గీసిన వాక్యమే. "పనిచేస్తోంది" అన్నది పరిశీలన కాదు. "తిరుగుతోంది" అన్నది పరిశీలన. మాస్టారైతే కొట్టేసేవారు.

తీగలు నేను మార్చలేదు. ఇంట్లోకి వెళ్లి వాడి గది తలుపు కొట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆ చిరిగిన పేపరు ముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాను. "ఆ రోజు నువ్వు ఏది ఎటు అని అడిగావు. నేను ఏదైనా ఒకటే అన్నాను. ఒకటి కాదు" అన్నాను. మూత సంగతి కూడా అప్పుడే అన్నాను. తెరవకూడదని నాకు తెలుసు, తెలిసీ తెరిచాను అని. ఆ మాట అనడానికి నాకు మూడు నెలలు పట్టింది.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తరవాత చెప్పులు వేసుకున్నాడు.

వాడే రెండు కనెక్టర్లు లాగి అటుదిటు పెట్టాడు. అరనిమిషం పట్టింది. ఫ్యాన్ వేసుకున్నప్పుడు దాని చప్పుడే మారింది, బొంగురుగా, నిండుగా వచ్చింది. వాడు పేపరు పట్టుకున్నాడు. జాలీకి ఠప్‌మని అతుక్కుంది. వదిలేసినా పడలేదు. ముల్లు నిమిషంలో 87కి దిగింది, ఫ్యాన్ ఆగింది, పేపరు జారి కింద పడింది. దాన్ని చూసి ఇద్దరం నవ్వాం. ఆ సాయంత్రమే కెనిల్‌వర్త్ దాకా వెళ్లొచ్చాం. వాడు తెలుగులో మాట్లాడాడు, నవ్వొచ్చే తెలుగు, కానీ తెలుగే.

అనుమానం తీరక తరవాతి వారం ఇంకో పని చేశాను. మూత సంగతి లాగే ఇది కూడా చెప్పుకోవాలి. ఫ్యాన్ తీగ పూర్తిగా పీకేసి ఊళ్లో 30 మైళ్లలో నడిపాను. 96 దగ్గర ఆగింది. అంటే ఆ మూడు నెలలూ నాకు ఫ్యాన్ లేకపోతేనే నయం. మందం రేడియేటర్ తీసి పాతదే పెట్టేశాను, అది చాలు. దాని చుట్టూ ఉన్న ఖాళీలు అల్యూమినియం రేకుతో, స్పాంజితో మూశాం. గాలి సందు దొరికితే రేడియేటర్‌లోంచి ఎందుకు వెళుతుంది, పక్కనుంచే పోతుంది.

ఇప్పుడు మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, వేరే ఊళ్లో ఉన్నాడు. కారు వాడే తీసుకెళ్లాడు. చేతి మీద మచ్చ అలాగే ఉంది. నన్నేమీ అడగడు కానీ, చొక్కా చేతులు మడిచినప్పుడు నా కళ్లు అటే పోతాయి.

మాస్టారు ఇవాళ లేరు. ఆయన కుటుంబం వారు ముందు వరసలో ఉన్నారు, వారికి నమస్కారం. బెంచీ మిత్రుడు మాత్రం ఉన్నాడు, వెనక స్తంభం చాటున. మాట్లాడమంటే ససేమిరా అన్నాడు. టీ సమయంలో పట్టుకోండి, కానీ మోటారు గురించి అడిగేముందు అది ఎటు తిరుగుతోందో చూసి రండి.

నాతో రెండు థర్మోస్టాట్లు తెచ్చాను, ఒకటి మంచిది, ఒకటి బిగుసుకుపోయింది. ఆ మూత కూడా తెచ్చాను, ఒక పాత కరెంటు ఫ్యాన్ కూడా. దాని తీగలు రెండూ నల్లవే. రేపు పొద్దున పదింటికి సైన్సు ల్యాబ్‌లో ఉంటాను. పిల్లలు రండి, నోటు పుస్తకం తెచ్చుకోండి. హెడ్మాస్టరుగారూ, ఒక స్టవ్వు, ఒక గిన్నె కావాలి. పాల గిన్నె మాత్రం వద్దు.